బుక్కులో లేని గాయం

2024 జనవరి 26, శుక్రవారం. ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు నాచారం పారిశ్రామికవాడలోని ఒక పైపుల ఫ్యాక్టరీ గేటు దగ్గర గార్డు జోసఫ్ చేత అతని పతకాలు తీయించారు. ఎనిమిదింటికి జెండా ఎగరేశారు.

తీయించినవాడు సెక్యూరిటీ ఆఫీసర్ గిరిధర్. ప్రకాశం జిల్లా మనిషి. సైన్యంలో గుమస్తాగా చేరి సుబేదార్‌గా రిటైరయ్యాడు. ఈ ఫ్యాక్టరీకి వచ్చి అప్పటికి ఏడు వారాలు. వచ్చిన కొత్తలోనే, మాజీ సైనికులుగా ఉద్యోగంలో చేరిన నలుగురు గార్డుల డిశ్చార్జి బుక్కులు తెప్పించి చూశాడు. సైన్యం వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం అది. చేరిన తేదీ, హోదాలు, పతకాలు అందులో ఉంటాయి. జోసఫ్ బుక్కులో రెండు పతకాలున్నాయి. ఆ రోజు చొక్కా మీద మూడున్నాయి. మూడోది వూండ్ మెడల్. శత్రువు దాడిలో గాయపడ్డ సైనికుడికి ఇస్తారు.

"ఇది నీదేనా జోసఫ్?"

"నాదే సాబ్."

"బుక్కులో లేదే?"

"ఎక్కియ్యలే సాబ్. కానీ నాదే."

"ఎక్కించనిది పెట్టుకోకూడదు. ఆ ఒక్కటీ తీసెయ్."

"మూడు ఒకటే పట్టీకి కుట్టిచ్చిన సాబ్. ఒక్కటి రాదు."

"అయితే మొత్తం తీసెయ్."

జోసఫ్ పట్టీ విప్పి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. వరుసలో పదకొండు మంది గార్డులున్నారు. వాళ్లలో అనిల్ కుమార్ ఒకడు. జోసఫ్ వెళ్లే చర్చికే అతనూ వెళ్తాడు.

జోసఫ్‌కు అప్పుడు యాభై ఏడేళ్లు. సొంతూరు జనగామ దగ్గర. 1986లో డ్రైవర్‌గా సైన్యంలో చేరి 2010లో హవల్దార్‌గా బయటికి వచ్చాడు. నాచారంలో రెండు గదుల అద్దె ఇల్లు. భార్య సారమ్మ ఒక బడిలో ఆయా. కూతురు మరియా ఉప్పల్‌లోని ఒక ఆస్పత్రిలో నర్సు.

ఏటా జనవరి ఆఖరి ఆదివారం జోసఫ్ చర్చిలో సాక్ష్యం చెప్పేవాడు. దేవుడు తనకు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. పదమూడేళ్లుగా అతను చెప్పింది ఒకటే. 1999 జూలైలో కార్గిల్‌లో రేషన్ బండి నడుపుతున్నాడు. రోడ్డు మీద శత్రువు ఫిరంగి షెల్ పడింది. ఇనుప ముక్క కుడి తొడలో దిగింది. వెనక బండిలో ఉన్నవాడు దిగి వచ్చి అతన్ని భుజాన వేసుకుని మోశాడు. ముక్క ఇంకా తొడలోనే ఉంది. ఇది చెప్పే రోజు పతకాల పట్టీ పెట్టుకుని వెళ్లేవాడు.

జనవరి 28న ఆరాధనకు ముందు సంఘ పెద్ద ఏలియా అతన్ని బయటికి పిలిచాడు.

"జోసఫ్, ఈసారికి ఆగు."

"ఎందుకన్నా?"

"గేటు కాడ ఏదో లొల్లి అయిందట గదా. అనిల్ చెప్పిండు. కాయితం తెచ్చుకో, మళ్ల చెప్పు. దేవుని ముంగట చెప్పే మాట, నీకు తెల్వంది గాదు."

"కాయితం లేకుంటే నా కాలుల ఉన్నది అబద్ధమా?"

"నేనన్ననా? జనం అంటున్నరు."

ఇంటికొచ్చాక సారమ్మ చెప్పుల్లోనే నిలబడి అడిగింది.

"కాయితం తెస్తవా, తేవా? ఆడోళ్లంత పాట ఇడిసిపెట్టి నా మొకమే సూసిన్రు."

"తెస్త."

"ఎన్నడు?"

"మళ్ల జనవరి లోపట."

సోమవారం డ్యూటీ దిగాక జోసఫ్ గిరిధర్ గదికి వెళ్లాడు. గిరిధర్ కుర్చీ చూపించాడు.

"నిన్ను దొంగ అనలేదు నేను. బుక్కులో లేదన్నాను, అంతే. గాయమైనప్పుడు నువ్వు ఏ యూనిట్‌లో ఉన్నావు?"

జోసఫ్ చెప్పాడు. అతని యూనిట్ వేరు. కార్గిల్ యుద్ధం జరిగిన మూడు నెలలు అతన్నీ అతని బండినీ వేరే పటాలానికి పంపారు.

గిరిధర్ తల ఊపాడు. సైనికుడికి పెళ్లయినా, బిడ్డ పుట్టినా, గాయమైనా యూనిట్ ఆ సంగతి ఒక ఆర్డర్‌లో వేస్తుంది. దాన్ని పార్ట్ టూ ఆర్డర్ అంటారు. రికార్డ్స్ ఆఫీసు ఆ ఆర్డర్ చూసి అతని ఫైల్లో ఎక్కిస్తుంది. ఆర్డర్‌లో లేనిది ఫైల్లోకి రాదు.

"మీ యూనిట్ వాళ్లు పటాలం వేస్తుందిలే అనుకుని ఉంటారు. పటాలం వాళ్లు వీడు మనవాడు కాదు కదా అనుకుని ఉంటారు. ఇలాంటివి నా సర్వీసులో ఇరవై చూశాను. రాద్దాం."

అర్జీ గిరిధరే టైపు చేశాడు. రెండు పేజీలు. మరియా తన ఆస్పత్రిలో తండ్రికి ఎక్స్‌రే తీయించింది. తొడ ఎముక పక్కన పద్నాలుగు మిల్లీమీటర్ల లోహపు ముక్క ఉందని రిపోర్టు. ఫిబ్రవరి 19న ఉప్పల్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసి రికార్డ్స్ ఆఫీసుకు పంపారు.

మే 14న జవాబు వచ్చింది. దానితో పాటు జోసఫ్ ఫైల్లోంచి తీసిన ఒక కాగితం నకలు ఉంది. 1999 జూలై నాటి గాయం రిపోర్టు. బండి దిగుతూ జారి ఇనుప కొక్కెం మీద పడ్డాడని, శత్రువు దాడి వల్ల కాదని అందులో ఉంది. కింద జోసఫ్ సంతకం. దాని కింద సాక్షిగా తిరుపతి అనే సిపాయి సంతకం.

గిరిధర్ కాగితాన్ని టేబుల్ మీద అతని వైపు తిప్పాడు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"షెల్లా, కొక్కెమా?"

"షెల్ సాబ్."

"మరి ఇదేంటి?"

గిరిధర్ ఫ్యాన్ తగ్గించాడు.

"సెప్టెంబర్ల హవల్దార్ ప్రమోషన్ కోర్సు ఉండె సాబ్. అంతకు ముందు రెండుసార్లు తప్పింది నాకు. షెల్ అని రాస్తే పెద్ద దవాఖానకు పంపుతరు. ఆడ మెడికల్ కేటగిరీ తగ్గిస్తరు. తగ్గినోన్ని కోర్సుకు తీస్కోరు. డాక్టర్ సాబ్ ముంగట పదిమంది పండుకొని ఉన్నరు. ఒకనికి చెయ్యే లేదు. నీకేమైందిరా అన్నడు. జారిపడ్డ అన్న. గదే రాసిండు."

"లోపల ముక్క ఉందని చెప్పలేదా?"

"జారిపడ్డోనికి లోపట ముక్క ఎందుకుంటది సాబ్? పైన కుట్లేసి పంపిన్రు."

"కోర్సుకు వెళ్లావా?"

"పోయిన. పాసైన."

"మరి పతకం ఎవరిచ్చారు?"

"పటాలం కిందికి దిగినంక కర్నల్ సాబ్ గాయపడ్డోళ్లను నిలవెట్టి రిబ్బన్లు పెట్టిండు. బండ్లోళ్లు నన్ను గూడ ముంగటికి నూకిన్రు. ఆయన కాయితం అడగలే. ప్యాంటు పైకి లేపుమన్నడు, సూసిండు, పెట్టిండు. మెడల్ సికింద్రాబాద్‌ల మిలిటరీ దర్జీ దుకాణంల కొనుక్కున్న."

గిరిధర్ ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి చూసి కింద పెట్టాడు.

"ఇప్పుడు నిజం రాస్తే, అప్పుడు అబద్ధం మీద సంతకం చేశానని నీ అంతట నువ్వే రాసిచ్చినట్టు."

"రాస్త సాబ్."

"నువ్వొక్కడివే రాస్తే చెల్లదు. ఈ తిరుపతి ఎవరు?"

"నన్ను మోసినోడు."

వారం తర్వాత జోసఫ్ రెండు బస్సులు మారి కీసర వెళ్లాడు. తిరుపతి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. మాజీ సైనికుల కోటాలో ఒక సర్కారు ఆఫీసులో అటెండర్ ఉద్యోగం చేస్తున్నాడు.

"ఏందన్నా, బతికే ఉన్నవా?" అన్నాడు తిరుపతి గుమ్మంలోనే. "ఆ రోజు నా ఈపు మీద పండుకొని, మెల్లగ నడువురా గాడిదా అని తొవ్వంత తిట్టినవ్."

"నువ్వు ఊకె జారుతుంటివి తమ్మీ."

"బరువెంతున్నవో తెలుసా? రేషన్ మోసెటోడివా, తినెటోడివా?"

"వచ్చిన మనిషికి నీళ్లియ్యవు గని ముచ్చట్లు," అంది అతని భార్య కౌసల్యమ్మ. "కూసో అన్నా. అన్నం తిని పోదువు."

తిన్నాక జోసఫ్ కాగితం బయటికి తీశాడు. తిరుపతి కళ్లద్దాలు తెప్పించుకుని చదివాడు.

"గీ సంతకానికి రెండు నెల్లు నీ రమ్ము కోటా నాకిచ్చినవ్. యాదుందా?"

"ఉంది."

"గిప్పుడేమిస్తవ్?"

"గిప్పుడు నా కాడ ఏం లేదు."

కౌసల్యమ్మ నవ్వింది. తిరుపతి నవ్వలేదు.

"అన్నా, షెల్ నేను సూసిన. నీ నెత్తురు నా అంగి మీద అయింది. కాదంటలే. కానీ కాయితం మీద సంతకం వెట్ట. దొంగ సాక్షి సంతకం వెట్టినోడని నా ఆఫీసుకు ఒక్క చిట్టీ వస్తే నౌకరి పోతది. ఇంక నాలుగేండ్లుంది నాకు."

"నేను బతిమాలితేనే గదా వెట్టినవ్."

"అవ్. గందుకే. ఒక్కపారి నీ మాట ఇన్న."

బస్టాప్ దాకా తిరుపతి తోడొచ్చాడు. బస్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

జూన్ 3న జోసఫ్ ఉప్పల్‌లో నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయించాడు. 1999లో తాను చెప్పింది అబద్ధమని, ఎందుకు చెప్పాడో కూడా అందులో రాయించాడు. సాక్షి సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. అదే రోజు పోస్టు చేశాడు. సారమ్మకు మాత్రం, ఇంకో కాయితం అడిగారు, పంపాను అని చెప్పాడు.

నవంబర్ 27న జవాబు వచ్చింది. రెండే పేరాలు. అప్పటి రిపోర్టు మీద అర్జీదారు సంతకం, సాక్షి సంతకం ఉన్నాయి. దాన్ని కాదనే ఆధారం అప్పటిది ఏదీ లేదు. ఎక్స్‌రే వల్ల ముక్క ఉందని తెలుస్తుంది గాని ఎప్పుడు, ఎలా దిగిందో తెలియదు. వూండ్ మెడల్ ఎక్కించడం కుదరదు.

గిరిధర్ రెండుసార్లు చదివాడు.

"ఇక సైనిక ట్రిబ్యునల్ ఒక్కటే దారి. వకీలు కావాలి, ఏళ్లు పడుతుంది. సాక్షి లేకుండా వెళ్తే అక్కడా ఈ కాగితమే చూపిస్తారు."

"మీరు నమ్ముతున్నరా సాబ్?"

"నమ్ముతున్నాను. నేను నమ్మితే ఏం లాభం? గేటు దగ్గర పెట్టుకోనివ్వలేను కదా."

ఆ సాయంత్రం జోసఫ్ ఉత్తరాలన్నీ మరియాకు ఇచ్చి, తల్లికి తెలుగులో చెప్పమన్నాడు. సారమ్మ పొయ్యి ముందు నిలబడి వింది. జారిపడ్డాడన్న మాట దగ్గర పొయ్యి ఆపింది.

"జారిపడ్డ అని నువ్వే రాసిచ్చినవా?"

"రాసిచ్చిన."

"గా మాట పదమూడేండ్లల ఒక్కనాడన్న చర్చిల చెప్పినవా?"

"లే."

"నాకు?"

"లే."

"అమ్మా, ఇక ఊకో," అంది మరియా.

"నువ్వాగవే. అబద్ధమాడింది ఆర్మీ తోని గదా? వాళ్లకు ఒప్పుకుండు. మాకు ఎన్నడు ఒప్పుకుంటడు? ఈసారి నిలవడి అంతా చెప్పాలె. సగం గాదు."

2025లో జనవరి 26 ఆదివారం వచ్చింది. జోసఫ్ ఆ పూట డ్యూటీకి సెలవు పెట్టాడు. చర్చి మెట్ల దగ్గర ఏలియాకు ఉత్తరం ఇచ్చాడు. ఏలియా చదివాడు.

"ఇది లేదన్న కాయితం గదనే."

"అవునన్నా. గదే చెప్త."

"సాక్ష్యమా, ఒప్పుకోలా?"

"రెండు."

ఏలియా పక్కకు జరిగాడు.

జోసఫ్ తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు. పట్టీ పెట్టుకోలేదు. షెల్ గురించి చెప్పాడు, తిరుపతి గురించి చెప్పాడు. తర్వాత డాక్టర్, రిపోర్టు, సంతకం, కోర్సు. తన కోసం ఇంకొకడి చేత కూడా అబద్ధం మీద సంతకం పెట్టించానని చెప్పాడు. ఉత్తరం చూపించాడు. అతను దిగుతుంటే ముందు వరుసలో ఇద్దరు ఆమెన్ అన్నారు. ఆరాధన అయ్యాక అనిల్ కుమార్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"గేటు కాడిది నేను ఊకెనే చెప్పిన అన్నా. గింత దూరం పోతదనుకోలే."

"నువ్వు ఉన్నదే చెప్పినవ్ తియ్," అన్నాడు జోసఫ్.

జనవరి 29, బుధవారం సాయంత్రం సంఘ కమిటీ కూర్చుంది. ఐదుగురు సభ్యులు. అబద్ధ సంతకం చేసినట్టు జోసఫ్ సంఘం ముందు ఒప్పుకున్నాడు కాబట్టి, సంఘ క్రమం ప్రకారం ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచాలని మినిట్స్ పుస్తకంలో రాశారు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకోవడాన్ని ప్రభువు బల్ల అంటారు. గాయం గురించి కమిటీ ఏమీ రాయలేదు.

ఏలియా రాత్రి భోజనాల ముందు ఇంటికి వచ్చి చెప్పాడు. "క్రమం తమ్మీ. అందరికి ఒకటే. నా కొడుకునైనా ఆపుదును."

సారమ్మ అతని ముందు చాయ్ పెట్టింది.

"కాయితం లేదని మాట ఆపిన్రు. నిజం చెప్పిండని రొట్టె ఆపుతున్నరు. మీకు ఏం గావాలె అన్నా?"

ఏలియా చాయ్ తాగి వెళ్లాడు. జోసఫ్ అతన్ని గల్లీ చివర దాకా పంపి వచ్చాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం. ఆరాధనకు నూట నలభై మందికి పైగా వచ్చారు. పదకొండున్నరకు రొట్టె పళ్లెం మగవాళ్ల వైపు ఐదో వరుసకు వచ్చింది. జోసఫ్ దాన్ని అందుకుని పక్క మనిషికి ఇచ్చాడు. ఆడవాళ్ల వైపు మూడో వరుసలో సారమ్మ కూడా తీసుకోకుండా పక్కకు ఇచ్చింది.