ఏటియంచునకు జరిగిన కట్ట

చైత్ర శుద్ధ దశమి, ఉదయము ఏడుగంటల యిరువది నిమిషములు. ఆకాశము నిర్మేఘము, గాలి దక్షిణమునుండి మందముగా వీచుచుండెను. వేసవిరాకచేఁ గృశాంగియై రెండు లంకల నడుమ వెండిపట్టెవలె సన్నగిల్లి పాఱుచున్న గోదావరీశాఖయందుఁ గొంగలు మోకాలిలోఁతున నిలిచి చేఁపలకై పొంచియుండఁగా, ఇట్టి నది యెన్నఁడైన నొక ప్రాణికిఁ గీడు చేయఁగలదని నమ్ముట చూచువారికిఁ గష్టముగా నుండెను.

ఆ వేళ దక్షిణపుగట్టుననున్న గువ్వలలంకయందు సువర్చల యను నామె కూలివాండ్రచేత నిసుకపైఁ దెల్లని సున్నపుముగ్గు పోయించుచుండెను. లంకచుట్టును లేవఁబోవు వరదకట్ట కదియే గుఱుతు.

ఈమె పూర్వము నదీశాస్త్రవిశారద యగు నింజనీరు. పండ్రెండేండ్లు నగరమునందలి యొక పరిశోధనశాలలో, విశాలమైన షెడ్డుక్రింద నిసుకతో నదులను మలచి, మీట త్రిప్పి వానిలోనికి వరదలను విడిచి, యే గట్టెప్పుడు కోసికొనిపోవునో యే పల్లె యెంతలోఁతున మునుఁగునో కొలిచి చెప్పుట యామె వృత్తి. ఆమె చెప్పిన కొలత తప్పుట యెవ్వరును జూచి యెఱుఁగరు. ఒకనాఁడు పరీక్ష ముగిసినపిదపఁ గరఁగిపోయిన యొక బుల్లిలంక యిసుకను జీపురుతో నూడ్చుచు, "ఈ లంక పేరేమి?" యని తోడియుద్యోగి నడిగెను.

"పేరెందుకండీ, సంఖ్య చాలదా?" యని యతఁడు నవ్వెను.

ఆ నవ్వు చెవినుండి పోకుండుటయే యామె యుద్యోగమును విడుచుటకుఁ గారణము. గువ్వలలంకకు వచ్చి, మూఁతపడిన వైద్యశాలను దెఱపించి, స్త్రీల నొక సంఘముగాఁ గూర్చి, కొన్నియేండ్లకు సర్పంచిగా నెన్నుకొనఁబడి, ప్రభుత్వమును బదేపదే వేఁడి యీ కట్టను మంజూరు చేయించెను.

శాస్త్రప్రకారము కట్ట యేటియంచునుండి మున్నూఱుగజములు లోపలికి నుండవలెను. వరద పొంగినపు డా వెడల్పునఁ బఱచుకొని వేగముడుగును. ముగ్గు నట్లే పోయించెను. కాని యా మున్నూఱుగజములలో దరిద్రుల గుడిసెలును, పల్లాలమ్మ యను వృద్ధురాలి యరఁటితోఁటయు నుండెను. పల్లాలమ్మ వచ్చి ముగ్గునకు నడ్డముగాఁ గూర్చుండెను.

"లెమ్ము, పల్లాలమ్మా."

"లేచి యెక్కడికిఁ బోదును తల్లీ? నీ తెల్లగీఁత మా పొయ్యి కావలఁ బోయినది. ఊరు లోపల, మేము బయటనా? నాకు జ్వరము వచ్చినపుడు కూఁతురివలెఁ గూర్చుండి గంజి త్రావించితివే, ఆ చేతితోనే నన్నేటికి విడుతువా?"

"లోపల మీకందఱకు నిండ్లస్థలము లిప్పింతును."

"తోఁటను గూడఁ జంక నెత్తుకొని రమ్మందువా?"

కూలివాండ్రు నవ్విరి. వృద్ధురాలు నవ్వలేదు, ముగ్గుమీఁదఁ జేయి వైచి యేడ్చుచుండెను. షెడ్డులోని యిసుక యెన్నఁడు నట్లేడ్చి యెఱుఁగదు. సువర్చల తుదకు ముగ్గు చెఱపి యేటియంచునఁ బోయుఁడని యాజ్ఞాపించెను. లంక యంతయు సంతోషముతోఁ గేకలు వేసెను.

ఆ సాయంకాల మామె ఆవలిగట్టుననున్న మొగలిలంకకుఁ బోవుచుండెను. పడవ నడపు తాతబ్బాయి మొగలిలంకవాఁడు, హాస్యప్రియుఁడు.

"ఇంజనీరమ్మగారూ, మీ యూరికి మొలత్రాడు కట్టుచున్నారఁట. మా యూరు మొండిమొలతోనే యుండవలెనా?"

"వచ్చు వేసవిని మీ లంకలో నెత్తైన మెరక పోయింతును, తాతబ్బాయీ. వరద వచ్చిన నందఱు నెక్కవచ్చును."

"మెరక మాట యటుండనిండు." అతఁడు తెడ్డు నాపెను. "కట్ట యేటియంచునకు జరిగినదఁట. వరదనీరు మామీఁదికిఁ ద్రోయఁబడదు గదా?"

త్రోయఁబడును. పెద్దవరదలో మొగలిలంకపై నిలుచు నీరు మునుపటికన్న భుజమెత్తు హెచ్చునని యామె యెఱుఁగును. అట్టి వరద యీ సంవత్సరమే రాదనియు, నీలోపల మెరక లేచుననియుఁ దలఁచెను. ఆ తలఁపులో నాశ యొక్కటే యుండెను. పూర్వ మామె యాశను గొలతలోఁ జేర్చి యెఱుఁగదు.

"ఏమియుఁ గాదు" అని చెప్పెను.

కట్ట యాషాఢమునకు ముగిసెను. శ్రావణమునఁ బెద్దవరద వచ్చెను.

మొగలిలంకవారిని దరిఁజేర్ప నధికారుల లాంచీ సంధ్యవేళకుఁ బోయెను. తాతబ్బాయి యరుఁగుపైఁ గూర్చుండి, "మా యింజనీరమ్మ లెక్కకట్టి యేమియుఁ గాదన్నది. మీ లాంచీకన్న నామె మాట గట్టి" యని నవ్వి త్రిప్పి పంపెను. అది విని పొరుగువారును నిలిచిరి. ఈవలిగట్టునుండి లాంచీ మరలుట చూచి, యందఱు నందెక్కిరని సువర్చల తలఁచెను.

తెల్లవాఱునప్పటికిఁ గట్ట చెక్కుచెదరలేదు. లోపల నేల పొడిగా నుండెను. పల్లాలమ్మ యరఁటిగెల గోసి తెచ్చి సువర్చల పాదములకడ నుంచెను. ఆవలఁ గొబ్బరితలలు మాత్రమే నీటిపైఁ గానవచ్చుచుండెను.

మూఁడవనాఁడు తాతబ్బాయి వచ్చెను. కొబ్బరిమ్రానినిఁ గౌఁగిలించి బ్రతికినందున నతని ఱొమ్ము పచ్చిపుండై యుండెను. భార్యయు, మనుమరాలును, అరుఁగుపై నతని మాట విన్న పొరుగువారిలోఁ బెక్కండ్రును వరదపాలైరి.

"అమ్మగారూ, తెలియక చెప్పితిరా?"

"తెలిసియే చెప్పితిని."

"తెలియక యనియున్న నోర్చుకొందును." అతఁడు కట్టను అఱచేతితోఁ దట్టి చూచెను. "గట్టిగాఁ గట్టించితిరి, అమ్మా." అని వెడలిపోయెను.

కాఠిన్యమునకు వెఱచి కొలతను విడిచినంత మాత్రమునఁ గాఠిన్యము లోకమునుండి తొలఁగదు. కన్నులయెదుట నున్నవానిని విడిచి యావలిగట్టుననున్నవానిపైఁ బడును.

మఱుసటి వేసవిని సువర్చల మాట యిచ్చిన మెరకను మొగలిలంకలోఁ బోయించెను. దాని నెక్కుట కెవ్వరును దిరిగి రాలేదు. పదునొకండేండ్ల పిదప నదీశాఖ దక్షిణమునకుఁ దిరిగి యంచుననున్న కట్టను మొదలంటఁ గోసికొనెను. పల్లాలమ్మ యరఁటితోఁట యున్నచోట నిప్పు డిరువదియడుగుల లోఁతు నీరున్నది.