ఎడమ కాలి చుక్క

నా కూతురు కెజియా తుమ్మితే నాకు భయం, తుమ్మకపోతే ఇంకా భయం. అలాంటి పిల్లను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, చర్చి నిండా జనం ఉండే పెళ్లికి తీసుకుపోవాలి. దిష్టి చుక్క లేకుండా ఎలా?

మా అత్త ఎలిజబెత్ ఇంట్లో కాటుక ఉండదు. "దేవుని నమ్ముకున్నోళ్లకు దిష్టేందే?" అంటుంది. కొలిమిగుండ్లలో మా అమ్మ కూడా చర్చికి పోయేదే. అయినా ఆమె లెక్కలో దేవుడు వేరు, దిష్టి వేరు. నాది మా అమ్మ లెక్కే. అందుకని ఆ పొద్దున, ఆదివారం బడి పిల్లలకు బొమ్మలు గీయడానికి అత్త పెట్టుకున్న నల్ల స్కెచ్ పెన్ను తీసి, పిల్ల ఎడమ అరికాల్లో చుక్క పెట్టి, పైన తెల్ల సాక్సు తొడిగేశాను. చెరిగితే మళ్లీ దిద్దడానికి పెన్ను సంచిలో వేసుకున్నాను.

నంద్యాల దగ్గర పడుతుండగా నేనూ అత్తా ఎక్కిన బస్సు గుంతలో ఎగిరింది. మూత తీసిన నీళ్ల సీసా మా ఒళ్లో దొర్లి, పిల్ల కాళ్లు రెండూ తడిసిపోయాయి. బస్టాండులో దిగి ఎడమ సాక్సు లాగాను. సాక్సులో అరికాలి చోట గులాబీ, నీలం, పసుపు, ఒకదాని చుట్టూ ఒకటి పాకి ఉన్నాయి. రెండో సాక్సు తీసే ధైర్యం లేకపోయింది.

"ఏందిమే ఇది? పిల్లకు రంగులు కారతాండాయ్!" అత్త గొంతుకు బస్టాండంతా తిరిగి చూసింది.

"నాకేం తెల్సు అత్తా!"

నిజంగానే తెలియదు. నేను పెట్టింది నలుపు, ఈ రంగులు నావి కావు. చుక్క దిష్టినంతా పీల్చి, తట్టుకోలేక ఇలా కక్కిందనుకున్నాను. బస్సులో గడివేముల ఊరి ముసలామె ఒకతె "బుగ్గలు బూరెల మాదిరి ఉండాయే" అంది కూడా.

పెళ్లి సంగతి మరిచి పిల్లల డాక్టరు ఉమామహేశ్వరమ్మ దగ్గరికి పరుగెత్తాం. దారి పొడుగునా అత్త ప్రార్థన చేస్తూనే ఉంది.

డాక్టరమ్మ సాక్సును వెలుతురుకు పట్టి చూసింది. "కాలికి ఏమన్నా రాసినారా?"

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "మా ఇంట్లో అట్లాంటియేం లేవు మేడం. మేము ప్రార్థన చేసుకునేటోళ్లం."

"ఏమీ రాయకుండా రంగులొచ్చినాయంటే రక్తం తీసి చూడాల."

నర్సు సూది విప్పింది. అటు సూది, ఇటు అత్త. పిల్ల ఆ సూదిని చూసి, ఆడుకునే వస్తువనుకుని, నవ్వుతూ చెయ్యి చాపింది. ఆ నవ్వు చూశాక నావల్ల కాలేదు. సంచిలోంచి పెన్ను తీసి బల్లమీద పెట్టాను.

"దిష్టి చుక్క పెట్టినా మేడం. నలుపే పెట్టినా, ఒట్టు. రంగులు నేను పెట్టలే."

"నా పెన్ను!" అంది అత్త. పిల్ల సంగతి తర్వాత, ముందు పెన్ను.

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, చేతులు తుడుచుకునే మందపాటి కాగితాన్ని పొడుగ్గా చింపింది. కొస దగ్గర ఆ పెన్నుతో చుక్క పెట్టి, చుక్క మునగకుండా కొసను మాత్రం గ్లాసు నీళ్లలో ఆనించి పట్టుకుంది. తడి పైకి పాకింది. చుక్కను తాకగానే నలుపు విడిపోయి గులాబీ ఒకచోట, నీలం ఒకచోట, పసుపు ఒకచోట నిలిచాయి.

"ఈ నలుపు ఒక రంగు కాదమ్మా. మూడు రంగులు కలిపి చేస్తారు. నీళ్లు పాకేటప్పుడు ఒక్కోదాన్ని ఒక్కో దూరం లాక్కపోతాయి. తొమ్మిదో తరగతిలో చెప్పలేదా?"

"నన్ను ఎనిమిదిలోనే మానిపించినారు మేడం."

"సరే, ఆ కాలు కూడా చూద్దాం," అని డాక్టరమ్మ కుడి సాక్సు లాగింది.

అక్కడా ఒక చుక్క! నల్లగా, గుండ్రంగా, నీళ్లలో నానినా ఏ రంగూ వదలకుండా ఉంది.

ఆమె దాన్ని దూదితో తీసి ఇంకో కాగితానికి అద్ది, కొసను నీళ్లకు ఆనించింది. తడి చుక్కను దాటి పైకి పోయింది కానీ చుక్క కదల్లేదు. "ఇది పెన్ను కాదు. మసి, ఆముదం. కాటుక. ఇది కూడా నువ్వేనా?"

"మా ఇంట్లో కాటుక లేదు మేడం," అన్నాను. పొద్దున నేను చీర కట్టుకుంటుంటే కుడి సాక్సు తొడిగింది అత్తేనని అప్పుడు గుర్తొచ్చింది.

ఇద్దరం అత్త వైపు చూశాం. అత్త గోడమీది టీకాల పట్టిక చదువుతోంది.

"బస్సులో ఎవురన్నా పెట్టింటారు," అంది.

"సాక్సు లోపలా?" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాం. చర్చికి పోయే ఆటో కోసం నిలబడ్డాం. అత్తే గొంతు సవరించుకుంది.

"డేవిడ్‌కు చెప్పగాకు."

డేవిడ్ నా భర్త. తల్లి మాట తప్ప ఇంకో మాట వినడు.

"చెప్పనులే అత్తా. నువ్వు కూడా చెప్పగాకు."

"నేనేం చెప్తా? నా నోటితోనే?" అత్త బైబిలు సంచి జిప్పు తీసి చిన్న కాటుక డబ్బీ బయటికి తీసింది. "ఆ పెన్నుతో పసిబిడ్డకు పెడతారామే ఎవురన్నా? ఇట్ల పట్టు కాలు. రెండో కాలు కూడా. ఆ డాక్టరమ్మ రెండూ తుడిచేసె."

పిల్లను ఆమె వైపు తిప్పాను. ఆమె చూపుడు వేలితో రెండు అరికాళ్లకూ నిదానంగా చుక్కలు దిద్దుతూ, పెదవులతో "ప్రభువా, బిడ్డను కాపాడు" అంటూనే ఉంది.