వెనకవైపు గది

లాడ్జి వదిన ఉదయం నుంచి ఒక్కచోట కాలు నిలిపిన పాపాన పోలేదు. సముద్రం వైపున్న ఆరు గదుల దుప్పట్లూ మూడోసారి సర్దింది. మెట్లు దిగి వీధి చూసింది, మళ్ళీ ఎక్కింది. వీధిలో నరపురుగు లేదు.

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఇవాళ ఆర్ట్ గ్యాలరీ తెరుస్తున్నారు. ఇన్నేళ్లూ ఈగలు తోలుకున్న ఊరు గోడలకు సున్నాలేసుకుని ఎదురుచూస్తోంది. వదినకైతే గడువు కూడా ఉంది. లాడ్జిలో సగం ఆడపడుచుది. సాయంత్రం ఆరింటిలోగా ఒక్క గదైనా నిండకపోతే, గోడౌను కోసం అడుగుతున్న వ్యాపారికి ఇచ్చేద్దామని ఇద్దరూ మాట అనుకున్నారు.

“కాసేపు కూచో వదినా. నిన్ను చూస్తుంటే నాకు ఆయాసమొస్తోంది,” అంది ఆడపడుచు.

“కూచుంటే నువ్వు గెలిచినట్టే.”

మూడింటికి బస్సు నిండా జనం దిగారు. గ్యాలరీ చూశారు, టీ తాగారు, బస్సెక్కి పోయారు. లాడ్జి బోర్డు వైపు తలెత్తినవాడు లేడు. వదినకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక మెట్ల కమ్మీ తుడిచింది.

ఐదున్నరకు చేతిసంచితో ఒక నడివయసావిడ వచ్చింది. వదిన రెండేసి మెట్లెక్కి అన్నిటికన్నా మంచి గది తలుపు తీసింది. కిటికీ నిండా సముద్రమే.

ఆవిడ అటు చూడనైనా లేదు. “వెనకవైపు గది లేదాండీ?”

ముప్పై ఏళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. వెనక ఆ ఐసు ఫ్యాక్టరీయే, దాని రొద, దాని కంపు. అందుకే ఆ గదుల్లో విరిగిన మంచాలు కుక్కారు. ఒక్కదాంట్లో మాత్రం వదిన పడుకుంటుంది. దాని కిటికీకి భర్త బతికుండగానే చెక్క పలక పెట్టి మేకులు కొట్టేశాడు.

“అటు ఏముందనమ్మా?”

“ఫ్యాక్టరీ గోడ మీద అప్పట్లో పనిచేసినవాళ్ల బొమ్మలు వేశారు కదండీ, ఏదో పాత గ్రూపు ఫొటో చూసి. ఎడమ నుంచి మూడో ఆవిడ మా అమ్మ. నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పొద్దున లేవగానే కనపడితే బాగుండునని...”

వదిన తన గదికి పరుగెత్తి పక్క చుట్టేసింది. కిటికీ మేకును గోళ్లతో లాగింది. కదిలితేనా! గోడ గడియారంలో ఆరు కావస్తోంది. ఇంతలో ఆడపడుచు వచ్చి ఆమెను పక్కకు నెట్టింది. చేతిలో సుత్తి ఉంది.

“తప్పుకో. మా అన్నయ్య కొట్టిన మేకు నీ గోళ్లకి ఊడుతుందా?”

పలక ఊడి కింద పడింది. వీధిలోంచి వదిన పదిసార్లు చూసిన గోడే. తలకు గుడ్డ కట్టుకున్న ఒక మనిషి నవ్వాపుకుంటూ సూటిగా గదిలోకి చూస్తోంది.

వెనకే వచ్చిన ఆవిడ సంచి దించకుండానే మంచం మీద కూలబడింది.

“ఇంత చిన్నదా అమ్మ!” అంది. “నాకంటే చిన్నది.”

వదినా ఆడపడుచూ తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చారు. వదిన చంకలో పక్కచుట్ట ఇంకా అలాగే ఉంది. ఆడపడుచు కళ్లు తుడుచుకుని, గడియారం వైపు చూడకుండా పక్కగది తలుపు తోసింది.

“ఆ చుట్ట అవతల పెట్టు వదినా. ఈ విరిగిన మంచాలు అటు కొస పట్టుకో.”