ఓపికున్న మనిషి

మా ఆయన టీ కప్పు తెచ్చి నా దరఖాస్తు మీద పెట్టాడు. నేను అప్పుడు ఆయన చొక్కాకే ఇస్త్రీ చేస్తున్నాను. కప్పు తీసేసరికి కాగితం మీద గుండ్రటి మరక. "అయ్యో" అన్నాడు, అంతే. "మళ్ళీ రాసుకో, నీకు ఓపికెక్కువేగా." పక్క గదిలోంచి అత్తయ్య అందుకుంది: "మా కోడలి ఓపిక ఇంకెవరికీ రాదు." పొగడ్తే. ఈ పొగడ్త మీదే పద్నాలుగేళ్లుగా ఇల్లు నడుస్తోంది, ఇస్త్రీతో సహా. ఒళ్లు మండింది. అయినా మరక కాగితాన్ని సంచీలో పడేసి, బస్సులో మోకాళ్ల మీద కొత్తది రాశాను.

రాయకపోతే పిడుగు పోతుంది. పిడుగంటే నేను పాఠాలు చెప్పే మూడో తరగతిలో ఒక పిల్ల. కోపమొస్తే కుర్చీలు విసురుతుంది, కరుస్తుంది. తగిన ఏర్పాటు లేకపోతే నెలాఖరున పంపించేస్తామని బడివాళ్లు దాని తల్లికి చెప్పేశారు. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు ఒక సంస్థ చిన్న గ్రాంటు ఇస్తుంది. తరగతి వెనక ఒక మూల, అడ్డుతెర, మెత్తటి పరుపు, నాకు నాలుగు వారాల శిక్షణ. అంతే అడిగాను. గడువు ఈ సాయంత్రమే.

క్లాసు ఆటల మాస్టారికి అప్పజెప్పి, సంతకం కోసం హెడ్మాస్టరు గదికి వెళ్లాను. ఆయన చదివి, పెన్ను తీసి, నా పేరు కొట్టేసి ఆటల మాస్టారి పేరు రాశారు.

"మగాడైతే అదుపు చేస్తాడని నమ్ముతారమ్మా. పనెలాగూ మీరే చేస్తారుగా."

'అనుభవం' అన్నచోట నా పది వాక్యాలూ కొట్టేసి ఒక్కటే రాశారు: సహాయకురాలికి సహజంగానే ఓపిక ఉంది.

సహజంగానట! కుర్చీ ఎత్తే ముందు ఆ పిల్ల ఎడమచేతి గుండీని మెలితిప్పుతుంది. అది కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. రోజూ నోట్సు రాసుకున్నాను, మణికట్టు మీద పంటిగాటు కూడా పడింది.

ఇంతలో బల్ల పడిన చప్పుడు. "మేడమ్!" అని ఆటల మాస్టారి అరుపు. పరుగెత్తాను. మిగతా పిల్లల్ని ఆయనతో బయటికి పంపి, పిడుగుకి రెండడుగుల దూరంలో నేల మీద కూర్చుని, బంకమట్టి ముద్ద దొర్లించాను. దాని పళ్లు పటపటమంటున్నాయి. చాలాసేపటికి వేళ్లు మట్టిలోకి దిగాయి.

గుమ్మంలో హెడ్మాస్టరు, ఆయన వెనక ఆటల మాస్టారు. "చూశారా మాస్టారూ, ఈవిడ ఓపిక!"

భుజాన సంచీలోంచి మరక కాగితం తీసి ఆయనకిచ్చాను. అందులో నా పేరుంది, పది వాక్యాలూ ఉన్నాయి.

"దీనికేదో మరకుందమ్మా."

"ఉండనివ్వండి సార్, సంతకం పెట్టండి. మళ్ళీ రాసే ఓపిక నాకు లేదు."