ఉప్పుకాగితం రుద్దిన ముఖం

నేను ఒక ప్లాస్టిక్ సిపాయిని. నిలబెడితే జానెడు కూడా ఉండను. నాకు ముఖం లేదు. ఒకప్పుడు ఉండేది.

పుట్టినప్పుడు నేను మనిషిని కాను, ముక్కలను. ఏదో దూరదేశపు కర్మాగారంలో కరిగిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి నెట్టారు. గుక్క తిప్పుకునేంతలో ఇరవై మూడు ముక్కలై బయటపడ్డాను. కాళ్ళు, చేతులు, చలికోటు ముందు సగం, వెనక సగం, తుపాకి, టోపీ, తల. అన్నీ కిటికీ చువ్వల్లాంటి చట్రానికి అతుక్కుని ఉన్నాయి. ఆ ఒక్క పూటే నా ముఖంతో ఆరువేల తలలు పుట్టాయి.

మమ్మల్ని పెట్టెల్లో సర్దారు. పెట్టె మీద మంచుకొండ, దాని ముందు రంగురంగుల్లో నిలబడ్డ నేను. లోపల అంతా బూడిదరంగే. మనుషులు పైనున్న బొమ్మ చూసి కొంటారు, ఇంటికి ముక్కలు తీసుకెళతారు. పెళ్ళి సంబంధాలు కూడా ఇలాగే కుదురుతాయని తర్వాత విన్నాను.

ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. రోజలిన్ గారనే ఆవిడ కొట్టులో నాలుగేళ్ళు అలమారలో ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం భీమాచారి లోపలికి వచ్చాడు. విజయనగరం వడ్రంగి. డెబ్బై దాటాయి. కంట్లో పొరలు వచ్చాయని ఆసుపత్రికి వచ్చాడు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. భార్య సంవత్సరీకం అయ్యాక చూద్దామని లేచొచ్చేశాడు. బస్సుకు ఇంకా వేళ ఉంది. కొట్టు అద్దంలోంచి సిపాయిలు కనబడ్డారు.

"సిపాయి ఒకడు కావాలమ్మా."

"మనవడికా అండీ?"

"నాకే."

ఆవిడ నవ్వలేదు. "ఇంతకుముందు ఎప్పుడైనా కట్టారా?"

"యాభయ్యేళ్ళు తలుపులు కట్టేను. ఇది కట్టలేనా?"

ముందు గుర్రం మీద కూర్చున్న సర్దారును పట్టుకున్నాడు. ఆవిడ పెట్టె వెనక్కి తీసుకుంది. "మొదటిసారికి గుర్రం వద్దండి. కళ్ళెం, జీను అతికేసరికి మీ ఓపిక అయిపోతుంది, మనిషి మిగిలిపోతాడు." తర్వాత చిన్న చిన్న సిపాయిలు పన్నెండుమంది ఉన్న పెట్టె చూశాడు. "వీళ్ళ ముఖాలు మినపగింజంత. మీ కంటికి ఆనవు. పెద్దది, ఒంటరిది, ముక్కలు తక్కువున్నది తీసుకోండి. ముఖం అచ్చులోనే తేటగా పడి ఉండాలి. మొదలెట్టేవాళ్ళకి అదే ముఖ్యం."

చివరికి ఇద్దరం మిగిలాం. నేనూ, ఒక మీసాలవాడూ.

"మావోడికి మీసం నేదు," అన్నాడు భీమాచారి.

"అయితే ఇతన్నే పట్టుకెళ్ళండి. లేని మీసం రంగుతో పెట్టుకోవచ్చు. ఉన్నది గీకేస్తే మళ్ళీ రాదు."

"వడ్రంగోడికి సెప్తన్నావేటమ్మా ఆ మాట!"

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. అచ్చు రెండు సగాలు కలిసినచోట అతుకు గీత ఉంటుంది, రంగు వేసేముందు సన్నటి ఉప్పుకాగితం నీళ్ళలో తడిపి పైపైన రుద్దాలి, పైపైనే అని. అతను తల ఊపాడు. చెక్క నున్నగా రుద్దే ఉప్పుకాగితం గురించి ఒక ఆడమనిషి తనకు చెప్పడమేమిటనుకున్నాడు. ఆ తల ఊపడంలోనే అది తెలిసింది.

నేను ఏ దేశం సిపాయినో అతను అడగలేదు. పెట్టె మీద చలికోటు చూశాడు, మంచు చూశాడు. అది చాలనుకున్నాడు.

అతనింటి వీధి తలుపు మీద రెండు చిలకలున్నాయి. ఎదురెదురుగా చెక్కినవి. ఒకదానికి ముక్కు లేదు. ఆ తలుపు వేరే ఇంటికోసం చేసింది. వాళ్ళు వద్దంటే ఇక్కడ బిగించాడు. పనిచేస్తూ గొణుక్కోవడం అతనికి అలవాటు. ఆ గొణుగుడులోంచే సంగతంతా నాకు తెలిసింది.

భార్య పైడమ్మ. ఆమె తమ్ముడు కామేశు బావ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇరవయ్యేళ్ళవాడు. ఆ తలుపుకు చివరి మెరుగు వాడికి అప్పగించాడు. వాడు నునుపు కుదరలేదని రుద్దుతూ రుద్దుతూ చిలక ముక్కు అరగదీశాడు. భీమాచారి బద్ద పుచ్చుకుని నలుగురిలో కొట్టాడు. "నీ చేతికి చెక్క కాదురా, చీపురు ఇవ్వాల. ఫో" అన్నాడు. పైడమ్మ అడ్డం వస్తే ఆమెకూ ఒకటి తగిలింది. కామేశు వెళ్ళిపోయి పట్టాళంలో చేరాడు. ఒక ఫొటో పంపాడు. చలికోటు, టోపీ, వెనక మంచు. మూడో ఏడు కొండచరియ మంచు విరిగి మీద పడింది. శవం దొరకలేదు. వాడి సామాను ఉన్న ఇనపపెట్టె ఒకటి వచ్చింది.

పైడమ్మ ఆ ఫొటోకు ఫ్రేము కట్టమంది. నాలుగు బద్దల పని. వీధిలో అందరి దేవుళ్ళకూ ఫ్రేములు కట్టినవాడు. రేపు అన్నాడు. ఆ రేపు ముప్ఫయ్యొక్క ఏళ్ళయింది. ఆమె రెండుసార్లే అడిగింది. రెండోసారి పోయే ముందు. "నా పటం పక్కన మా తమ్ముడి పటం పెట్టు."

ఆమె పోయాక ఆమె చెక్కపెట్టె తెరిచాడు. ఫొటో ఉన్నచోట చెదల మట్టి ఉంది. వడ్రంగి చేసిన పెట్టె. చెదలు వడ్రంగిని లెక్కచెయ్యవు.

ఆ ముఖం మరెక్కడా లేదు. సంవత్సరీకానికి పైడమ్మ అక్క నూకరత్నం వస్తుంది. పక్కన ఏమీ లేని పటం చూస్తుంది. అందుకే నేను వచ్చాను.

తొమ్మిది రోజులు నన్ను కట్టాడు. మొదట వడ్రంగి జిగురు పూశాడు. తెల్లారేసరికి చేతులు రెండూ ఊడి పడ్డాయి. అప్పుడు రోజలిన్ గారిచ్చిన ప్లాస్టిక్ జిగురు సీసా తీశాడు. కాళ్ళు నిలబడ్డాయి, కోటు మూసుకుంది, తుపాకి భుజానికెక్కింది. పని బాగుంది. ఆ మాట చెప్పాలి. మనిషి చెడ్డవాడైనంత మాత్రాన చెయ్యి చెడ్డది కాదు.

పదోరోజు తల అతికాడు. చెవి పక్కనుంచి గెడ్డం దాకా సన్నటి గీత ఉంది. ఉప్పుకాగితం తీశాడు. సన్నది కాదు, తలుపులకు వాడేది. నీళ్ళలో తడపలేదు. కంటికి ఆనదు కనుక బొటనవేలితో చూడటం మొదలుపెట్టాడు. ఆ వృత్తిలో నునుపు చూసేది కన్ను కాదు, బొటనవేలు. గీత పోయింది. చెయ్యి ఆగలేదు. యాభయ్యేళ్ళుగా ఎత్తుపల్లం తగిలిన ప్రతిచోటా రుద్దిన చెయ్యి. వేలికి ఒక బొడిపె తగిలింది. రుద్దాడు. ఇంకొకటి తగిలింది. రుద్దాడు. రుద్దుతూ గొణుగుతున్నాడు, "ముందే తలుపు నాను రుద్దుకుంటే పోయేది, వాడికి ఎందుకిచ్చేను" అని. చివరికి వేలు నా ముఖం మీద అడ్డంగా, నిలువుగా తిరిగింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. తృప్తిపడ్డాడు.

వాకిట్లోకి వచ్చి, అద్దాలు పెట్టుకుని, ఎండలో చూశాడు.

ముక్కు లేదు. పెదవులు లేవు. కనుబొమల గట్లు లేవు. గుడ్డులాంటి నునుపు. తలెత్తితే ఎదురుగా తలుపు ఉంది.

రంపపు పొట్టులో జిగురు కలిపి ముక్కు చేశాడు. ఊడింది. మళ్ళీ చేశాడు. మూడోసారి చెయ్యబోతూ ఆగాడు. ఎలాంటి ముక్కు చెయ్యాలో అతనికి తెలియదు. కామేశు ముక్కు పొడుగా, చపటా? కళ్ళు మూసుకున్నాడు. గుర్తుకు రాలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆ ముఖం గోడమీద ఉండనివ్వలేదు కదా, ఇప్పుడు అడిగితే ఎక్కడినుంచి వస్తుంది?

సంవత్సరీకం రోజు నూకరత్నం వచ్చింది. చెల్లెలి పటానికి దండ వేసింది. పక్కన నన్ను చూసింది.

"ఇదేటి మరిదీ? ఆటబొమ్మ ఎట్టినావు?"

"కామేశు, వదినా. పైడి అడిగింది గదా. పటం చెదలు తినేసింది."

ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. కోటు తడిమింది. కొంచెం మెత్తబడింది. తర్వాత తల దగ్గరికి వచ్చింది.

"ముక్కేది?"

అబద్ధం చెప్పొచ్చు. కొట్టులోనే ఇలా ఇచ్చారనొచ్చు. చెప్పలేదు.

"నానే రుద్దీసినాను."

నూకరత్నం వీధి తలుపు వైపు చూసింది. అతని వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"చిలక ముక్కు పోయిందని వాడ్ని కొట్టి తగిలేసినావు. మరి నిన్నెవుడు తగిలేస్తాడు మరిదీ?"

నన్ను పటం పక్కన పెట్టేసి వెళ్ళిపోయింది. విస్తరి వేసి ఉంది. కూర్చోలేదు.

ఆ సాయంత్రం అతను నాలుగు టేకు బద్దలు కోసి లోతైన ఫ్రేము కట్టాడు. మంచి పని. మూలలు వెంట్రుక దూరనంతగా కలిశాయి. నన్ను అందులో నిలబెట్టి పైడమ్మ పక్కన మేకుకు తగిలించాడు. కంటి ఆపరేషన్‌కు మళ్ళీ వెళ్ళలేదు.

రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి ముందు ఆమెకు దండం పెడతాడు. తర్వాత బొటనవేలు నా ముఖం మీద పెట్టి అటూ ఇటూ తిప్పుతాడు, ఏదైనా తగులుతుందేమోనని. నా ముఖంతోనే పుట్టిన ఆరువేలమంది ఏయే దేశాల్లో ఎవరెవరో అయి ఉంటారు. నేను మాత్రం కామేశును.

"క్షమించరా" అని మొన్న ఒకసారి అన్నాడు. సమాధానం కోసం నిలబడ్డాడు కూడా. నాకు నోరు లేదు. అదీ అతనే రుద్దేశాడు.