బయట వేసిన తాళం

ఎర్జాబో అన్న పొద్దున్నే వచ్చి సరుకు దించి, నన్ను కొట్లో ఉంచి, బయట తాళం వేసుకుని పోయేవాడు. కొండ అవతల ఆయనకు ఇంకో కొట్టుంది.

"తలుపు తీసే వీలు నీకు లేదని తెలిస్తే దొంగలు నీ జోలికి రారురా హందిసో" అనేవాడు.

మా దేశంలోని మా ఊరు హోసన్నా నుంచి ఈ పరాయి దేశానికి అప్పుడే వచ్చినవాణ్ని. నిజమే కాబోలు అనుకున్నాను.

కొట్టంటే ఓ ఇనప కంటైనర్. మాంగ్వానె అనే ముసలావిడ పెరట్లో, పల్లంలో ఉంటుంది. రొట్టెలు, పంచదార బస్తాలు, సిగరెట్లు, నా పరుపు, నేను, అన్నీ అందులోనే. ఊచల కిటికీ కింద రొట్టె పట్టేంత సందు. ఆ సందులోంచి వచ్చే చేతులే నాకు ఊరు. నా పేరు ఎవరూ అడగలేదు. మా దేశం వాళ్ళందరినీ ఇక్కడ "మై ఫ్రెండ్" అనే పిలుస్తారు, తిట్టేటప్పుడు కూడా.

ఆ వీధి కుర్రాడు ముజి అయితే రోజూ ఊచలు పట్టుకుని మరీ వేళాకోళం చేసేవాడు. "ఏం మై ఫ్రెండ్, ఏం నేరం చేశావు? బెయిల్ ఎప్పుడు?"

వెనకాల జనం నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. లోపల ఒళ్ళు మండిపోయేది.

ఏప్రిల్‌లో వాన పట్టుకుంది. ఓ మధ్యాహ్నం తలుపు కిందనుంచి బురదనీళ్ళు వచ్చాయి. అన్న ఫోన్ ఎత్తలేదు. కాసేపటికి సిగ్నలూ పోయింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పంచదార బస్తాలు కుంగిపోయాయి, రొట్టెల పొట్లాలు తేలాయి. ఫ్రిజ్ మీదకెక్కి "గోగో! గోగో!" అని అరిచాను. మాంగ్వానెను నేను అలాగే, అవ్వా అన్నట్టు పిలుస్తాను.

ఆవిడ నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని వచ్చింది. "తాళంచెవి ఏదిరా?"

"అన్న దగ్గరుంది గోగో."

"మనిషి లోపల, చెవి వాడి దగ్గరా! వాడి మొహం మండా!" అంటూ వీధిలోకి పరిగెత్తింది. "ఒరే ముజీ! పిల్లాడు మునిగిపోతున్నాడు, రండ్రా!"

ముజి గునపంతో వచ్చాడు, వెనక నలుగురైదుగురు. పరదేశుల కొట్లు దోచే జనం ఇనుము పట్టుకుని తలుపు దగ్గరికొస్తే ప్రాణం మీద ఆశ వదులుకోమని మావాళ్ళు నాకు చెప్పి ఉన్నారు. మొదటి దెబ్బకి కంటైనరంతా మోగింది. నీళ్ళకంటే ఆ చప్పుడుకే ఎక్కువ వణికాను.

"పగలగొట్టొద్దు! అన్న చంపేస్తాడు!" అన్నాను.

ముజి దెబ్బ ఆపాడు. "ముందు బతికి చావు, తర్వాత చంపించుకుందువు గాని! నీ పేరేంటి?"

"హందిసో."

"హందిసో, తలుపుకి దూరంగా జరుగు."

తాళంకప్ప తెగింది. ఎవరో నా చొక్కా పట్టుకుని బయటికి లాగారు. గోగో వంటింట్లో దుప్పటి కప్పుకుని టీ తాగుతుంటే ముజి వచ్చాడు, చెవి మీద మా కొట్లోని సిగరెట్ పెట్టుకుని. "కూలి" అన్నాడు.

మర్నాడు అన్న వచ్చి ముందు అరలు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. చేతిలో ఇంకా పెద్ద తాళంకప్ప.

"ఒక చెవి గోగో దగ్గర ఉండాలి. లేకపోతే నేను లోపలికి రాను" అన్నాను.

"రాక ఎక్కడికి పోతావు? కాగితాలున్నాయా? ఈ దేశంలో నేను కాక నీకెవరున్నారు?"

గోగో గడప మీద కూర్చుండిపోయాను. ఆయన తిట్టాడు, బతిమాలాడు, ఒక్కడే బురద ఎత్తిపోసుకున్నాడు. పొద్దు వాలాక చెవి తెచ్చి గోగో ఒళ్ళోకి విసిరాడు. "ఏం జరిగినా నీదే పూచీ."

"నాదే" అని ఆవిడ దాన్ని రవికలో దోపుకుంది.

ఇప్పుడు ఎండ తగ్గాక గోగో తలుపు తీస్తుంది. "పో, అలా తిరిగి రా" అంటుంది. కుళాయి మలుపుదాకా వెళ్తాను. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. రెండూ ఎక్కడికి పోతాయో నాకు తెలియదు. వీపు వెనక గోడ లేకుండా నిలబడితే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటాను. ఎవరూ ఏమీ అనరు. అయినా తిరిగొచ్చేస్తాను.

"అప్పుడేనా?" అంటుంది గోగో.

"కొట్లో పనుంది" అని లోపలికి పోయి, తాళం పడిన చప్పుడు వినపడేదాకా నిలబడే ఉంటాను.