మొక్క లేని కుండీ

ముబషిరా సెలవులకు ఉదయగిరి వచ్చిందన్న మాటే గానీ, సంచీ దించీ దించకముందే పెరట్లో కంది గింజలు నాటి కుండీలు వరసగా పేర్చింది. వ్యవసాయ కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. కరువు రోజుల్లో కంది మొక్క ఎన్ని నీళ్లు తాగుతుందో తేల్చాలట. తల్లి దిల్షాద్ బేగానికి నవ్వొచ్చింది. ఈ ఊళ్లో పుట్టినదానికి కరువు గురించి కాలేజీ వాళ్లు చెప్పాలా?

నవ్వితే నవ్వింది గానీ, పని మాత్రం చేసిపెట్టింది. మొక్క తాగేవాటికన్నా ఎండకు మట్టిలోంచి ఆవిరైపోయే నీళ్లే ఎక్కువని, అది ఆపకపోతే లెక్కంతా తప్పని కూతురు దిగులుపడుతుంటే, చెక్క గరిటెలు చేసి అమ్మే చేతులు ఊరుకుంటాయా? మొలకలు లేచాక ఒక్కో కుండీకి రెండు ముక్కల చెక్క మూత కోసి, మధ్యలో కాండం పట్టేంత చిల్లు చేసి, తేమ పీల్చకుండా మైనం పూసింది. చిల్లులో సందు మిగలకుండా కూతురు దూది కూరింది.

ఇక రోజూ పొద్దున్నే కుండీలను కాటా మీద పెట్టడమే. తగ్గిన బరువంతా మొక్క తాగిన నీళ్లన్నమాట. అన్నీ అయ్యాక మొక్కే లేని కుండీ ఒకటి ఎత్తి, తూచి, మూత చుట్టూ తడిమి, "బాగుండాది" అని దించేది ముబషిరా. అది చూస్తే దిల్షాద్‌కు జాలేసేది. అన్నీ మొలిచి అదొక్కటే మొలవలేదు, పిచ్చితల్లి ఆశ చావక రోజూ చూసుకుంటోంది అనుకుంది. అడిగితే ఏడుస్తుందేమోనని అడగలేదు.

ఒక సాయంత్రం కూతురు బజారుకు వెళ్లగానే, మిగిలిన విత్తనాల్లో మంచివి ఏరి, దూది తీసి చిల్లులోంచి మట్టిలోకి నొక్కి, చెంబుతో నీళ్లు పోసి, దూది మళ్లీ కూరేసింది.

మర్నాడు ముబషిరా ఆ కుండీని తూచి, మళ్లీ తూచి, మొహం వేలాడేసింది. కాటా పాడైందేమోనని కుండీని వీధిలోని దస్తగిరి కిరాణా కొట్టుకు మోసుకెళ్లి అక్కడా తూచింది. తిరిగొచ్చి గడప మీద కూలబడింది.

"ఖాళీ కుండీ బరువు పెరగడమేందమ్మీ? దాని లెక్క తప్పితే మిగతావేవీ మా సార్ నమ్మడు. ఇన్నాళ్ల కష్టం పోయినట్టే."

"ఖాళీ అంటావేంది? నిన్ననే గింజలు పెట్టి నీళ్లు పోసినాను. నాలుగు రోజులాగు, మొలుస్తాది."

ముబషిరా లేచి ఆ కుండీ తెచ్చి తల్లి ముందు పెట్టింది. కోపం మాత్రం రాలేదు.

"దాంట్లో ఏమీ మొలవకూడదమ్మీ. కావాలనే ఖాళీగా పెట్టినాను. మొక్క లేని కుండీ బరువు తగ్గలేదంటే మూతలోంచి ఆవిరి పోలేదని అర్థం. నేను రోజూ బాగుండాది అన్నది నీ మూతనే."

దిల్షాద్‌కు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "అయితే ఈసారి చిల్లు లేకుండా చేసిస్తాను. నా చెయ్యి ఊరుకోదు."

"చిల్లు ఉండాల్సిందే. అన్నీ ఒకేలా ఉండాలి."

కూతురు కొత్త మట్టితో ఆ కుండీ మళ్లీ మొదలుపెట్టింది. తల్లి తన మీద తనకే నమ్మకం లేక ఆత్మకూరులో అక్క ఇంటికి వెళ్లిపోయింది. పొద్దున్నే ఫోన్ చేసేది.

"పెరిగిందా?"

"లేదమ్మీ."

"తగ్గిందా?"

"లేదమ్మీ. నువ్విక ఇంటికి రా."

"నీ లెక్క తేలనీ, వస్తాను" అని ఫోన్ పెట్టేసి, ఆ కుండీలో గడ్డిపోచ కూడా మొలవనీయొద్దని అల్లాకు దువా చేసుకునేది దిల్షాద్. ఏదీ మొలవొద్దని ఆమె కోరుకోవడం బతుకులో అదే మొదటిసారి.